ఎందుకమ్మ రాసుకున్న జవాబు

చిరంజీవి పిట్టకు అమ్మ మనసారా దీవించి రాసేది.

ఇక్కడ మీ నాన్నా నేనూ కులాసాగానే ఉన్నాం. నీకు అక్కడి నీళ్ళు పడ్డాయనీ, జలుబు తగ్గిందనీ తలుస్తాను. నీ ఉత్తరం అంది పదిహేడు రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు రాకపోయేసరికి మూతి ముడుచుకునే ఉంటావు. మధ్యలో రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం, నిజమే. ఆ రెండుసార్లూ నీకు చెప్పాల్సిన మాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. నీ గొంతు వినగానే "తిన్నావా?" అని అడిగి ఊరుకున్నాను. అందుకే ఈ ఆదివారం పొద్దున్నే కాగితం ముందు కూర్చున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. నా మోకాలు మెట్లు దిగేటప్పుడే పట్టేస్తోంది, ఎక్కేటప్పుడు బాగానే ఉంటోంది. కాబట్టి నేను ఎప్పుడూ ఎక్కుతూనే ఉండాలని మీ నాన్న సలహా. ఆయనకు స్కూలు వాళ్ళు కొత్త బస్సు ఇచ్చారు. దాని హారన్ మరీ సన్నగా ఉందని ఆయన దిగులు. "ఇన్నేళ్ళు బండి నడిపినవాడికి ఈ పీపీ ఏమిటే, పరువు తక్కువ" అని రోజూ ఒకసారి అంటారు. నీ గదిలో ఉండే అమ్మాయి నిద్రలో మాట్లాడుతుందని రాశావు. మాట్లాడనీ, నువ్వు మాత్రం బదులు చెప్పకు.

ఇక నీ మూడో ప్రశ్న. నర్సు ఉద్యోగంలో చేరిన రెండో వారమే నువ్వు డ్యూటీ డాక్టరును పిలిస్తే, ఆయన వచ్చి చూసి "ఏముందని పిలిచావ్?" అని అందరి ముందు కసిరాడని రాశావు. "ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పిలవకూడదో నీకెలా తెలుస్తుందమ్మా? నువ్వు ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి నర్సువి కదా" అని అడిగావు. ఆ వాక్యం చదివిన రోజు ఉత్తరం మడిచి దిండు కింద పెట్టేశాను. ఇంకే రోజైనా అయితే అప్పటికప్పుడే నాలుగు పేజీలు రాసి పడేసేదాన్ని. కానీ నీ ఉత్తరం వచ్చింది, మా వార్డులో పద్నాలుగో మంచం మీది మనిషిని ఐ.సి.యు.కి తీసుకెళ్ళిన మర్నాడు.

మొదటి నుంచీ చెబుతాను, ఓపికగా చదువు.

రెండు నెలల కిందట మా సర్జరీ వార్డుకు ఒక అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. డాక్టర్లు, నర్సులు ఏ నిర్ణయం ఎలా తీసుకుంటారో పక్కనే ఉండి చూసి రాయడం ఆమె పని. మా అందరి చేతా ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. నీకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. సన్నటి మనిషి, చేతిలో నీలం అట్ట పుస్తకం, చెవి వెనక పెన్ను. ఎవరినీ ఏమీ తప్పుపట్టదు, సలహా చెప్పదు. అడుగుతుంది, అంతే. "ముందు ఆ మంచం దగ్గరికి ఎందుకెళ్ళారు?" "ఆయన నొప్పి లేదన్నా మళ్ళీ ఎందుకడిగారు?" "ఇప్పుడు కిటికీ ఎందుకు మూశారు?" వార్డు తుడిచే ఆయా మూడో రోజుకల్లా ఆమెకు ఎందుకమ్మ అని పేరు పెట్టేసింది. "నేను బకెట్ ఎడమ చేత్తో ఎందుకు పట్టుకున్నానో అది కూడా రాసుకుందమ్మా! కుడిచేత్తో చీపురుంది కదా తల్లీ అన్నాను" అని నవ్వించింది. ఆ పేరు విని ఎందుకమ్మ కూడా నవ్వింది.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకు ఆమె బాగా నచ్చింది. ఇన్నేళ్ళలో "ఏం చేశావ్?" అని అడిగినవాళ్ళే గాని, "ఎందుకు చేశావ్?" అని అడిగినవాళ్ళు లేరు. అడుగుతుంటే నాకే తెలియని సంగతులు నా నోట్లోంచి వచ్చేవి. కొన్నింటికి మాత్రం జవాబుండేది కాదు. "ఏమోనమ్మా, మనసుకు అలా తోచింది" అనేదాన్ని. ఆమె అదీ రాసుకునేది.

నెల తిరిగాక ఆమె తన పరిశోధనలో అప్పటిదాకా తేలినవాటిని మా అందరికీ తెర మీద చూపించింది. మా దగ్గర రోగి నాడి, ఊపిరి, బీపీ, జ్వరం, ఆక్సిజన్ అన్నింటికీ అంకెలు వేసి కూడతాం కదా. మీ దగ్గరా ఉండే ఉంటుంది. ఆ స్కోరు ఐదుకు చేరితే డాక్టరును పిలవాలన్నది నియమం. ఆమె చూసిన రోజుల్లో, స్కోరు ఐదు కాకుండానే నర్సులు డాక్టరును పిలిచినవి పదమూడు సార్లు. వాటిలో పదిసార్లు రోగికి ఏమీ లేదు. పేర్లు చెప్పలేదు, పాపం. కానీ ఆ పదమూడింటిలో పదకొండు నావేనని గదిలో అందరికీ తెలుసు. పెద్ద సర్జన్ గారు కుర్చీలో వెనక్కి వాలి, "మన పెద్ద సిస్టర్‌కి అశరీరవాణి వినిపిస్తుందయ్యా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చెడ్డవాడు కాదు, సరదా మనిషే. కానీ ఆ రోజు ఇంటికొచ్చి కూరలో రెండుసార్లు ఉప్పేశాను. మీ నాన్న నోరెత్తకుండా తిని చెంబెడు నీళ్ళు తాగారు.

ఇది జరిగిన పది రోజులకు పద్నాలుగో మంచానికి తాళాలు బాగుచేసే ఆయన వచ్చాడు. యాభై దాటాయి. పేగులో కణితి ఉంటే కొంత తీసేసి మళ్ళీ కలిపి కుట్టారు. మనిషి మహా మాటకారి. ఆపరేషన్ మర్నాడే సర్జన్ గారితో, "కడుపుకి ఎన్ని లీవర్ల తాళం వేశారు సార్? తాళంచెవి మీ దగ్గరే ఉందా?" అన్నాడు. మూడేళ్ళుగా సరిగా మూసుకోని మా మందుల బీరువాను మంచం మీంచే చూసి, "మూడో అర పక్కకు జరిగింది, తాళం తప్పేం లేదు" అన్నాడు. చూస్తే అదే. ఆయన భార్య పోస్టాఫీసులో పనిచేస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. ఆయన జోకులన్నీ ముందే విన్నట్టు మొహం పెట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చునేది.

ఆపరేషనైన మూడో రోజు, మధ్యాహ్నం రెండున్నరకు, నేను ఆయన స్కోరు కట్టాను. నాడి కొంచెం ఎక్కువ, జ్వరం కొంచెం. మొత్తం రెండు. ఎందుకమ్మ పక్కనే ఉంది. "ఇప్పుడు ఏం నిర్ణయించారు?" అని అడిగింది. "స్కోరు రెండే. నాలుగింటికి మళ్ళీ చూస్తాను" అన్నాను. ఆమె టైము వేసి రాసుకుంది. నాలుగు పదికి నేను వెళ్ళేసరికి స్కోరు ఎనిమిది. బీపీ పడిపోయింది. మనిషి ఒళ్ళంతా చల్లటి చెమట, పిలిస్తే పలకడం లేదు. లోపల కుట్టు విడిపోయి కడుపంతా చీము పట్టింది. పరిగెత్తించి థియేటరుకు తీసుకెళ్ళారు. అక్కడి నుంచి ఐ.సి.యు. గొంతులో గొట్టం, ఊపిరికి మిషను.

అయిదు రోజులు పిట్టా. ఆ అయిదు రోజులు ఎలా గడిచాయో నీకు రాయలేను. డ్యూటీకి ముందు ఒకసారి, డ్యూటీ అయ్యాక ఒకసారి ఐ.సి.యు. తలుపు అద్దంలోంచి చూసి వచ్చేదాన్ని. లోపలికి వెళ్ళే హక్కు ఉన్నా వెళ్ళలేదు. ఆయన భార్య బయట బెంచీ మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేది. నన్ను చూసి లేచి నిలబడి దణ్ణం పెట్టి, "మీరు వేళకు చూశారట, లేకపోతే పోయేవాడేనట సిస్టర్" అంది. నేను తలూపాను. ఆ తల ఎలా ఊగిందో నాకు తెలియదు.

ఆరో రోజు, ఇది ఎలా జరిగిందో తేల్చడానికి పెద్దవాళ్ళు కూర్చున్నారు. చార్టు చూశారు. అంతా నియమం ప్రకారమే ఉంది. ఎందుకమ్మను కూడా పిలిచి ఆమె పుస్తకంలోది చదవమన్నారు. ఆమె చదివింది. 'రెండు ముప్పై అయిదు. స్కోరు రెండు. నర్సు ఊహ మీద కాక అంకెల మీద ఆధారపడి నిర్ణయం తీసుకున్నారు.' సర్జన్ గారు నా వైపు చూసి, "మీ తప్పేం లేదు సిస్టర్, మనసులో పెట్టుకోకండి" అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఇంతవరకు అందరికీ తెలిసినదే. ఇక రాసేది సంతకాలు పెట్టిన ఆ రోజు నాకు తప్ప ఎవరికీ తెలియనిది. మీ నాన్నకు కూడా నిన్ననే చెప్పాను.

ఆ రోజు రెండున్నరకు నేను బీపీ పట్టీ కడుతుంటే ఆయన "టైమెంత సిస్టరమ్మా?" అన్నాడు. రెండున్నర అన్నాను. పట్టీ విప్పుతుంటే మళ్ళీ "టైమెంతమ్మా?" అన్నాడు. చేతివేళ్ళు దుప్పటి అంచును ఊరికే పీకుతున్నాయి. కాళ్ళు సర్దుతూ వేళ్ళు తాకితే చల్లగా ఉన్నాయి. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన నన్ను ఒక్క జోకు కూడా వెయ్యకుండా వదిలాడు. "ఎలా ఉంది?" అని అడిగాను. "బాగానే ఉన్నానమ్మా" అన్నాడు. కానీ ఆ మాట మీద నాకు నమ్మకం కుదరలేదు. ఆ అనుమానం నాకు కొత్త కాదు. ఎప్పుడూ అది మొదలవగానే ఫోన్ దగ్గరికి వెళ్ళి, "సార్, ఎందుకో నాకు మనసొప్పడం లేదు, ఒకసారి చూసిపోండి" అంటాను. ఆ రోజూ చెయ్యి లేచింది. జేబులోని ఫోన్ మీదికి వెళ్ళింది.

అప్పుడే పక్క నుంచి "ఇప్పుడు ఏం నిర్ణయించారు?" అని వినిపించింది.

నా దగ్గర చెప్పడానికి కారణం లేదు. టైము రెండుసార్లు అడిగాడని చెప్పనా? జోకు వెయ్యలేదని చెప్పనా? అది పుస్తకంలోకి ఎక్కుతుంది, నెల తిరిగాక తెర మీదికి వస్తుంది, మళ్ళీ గదంతా నవ్వుతుంది. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. ఫోన్ మీంచి చెయ్యి తీసేశాను. "స్కోరు రెండే" అన్నాను. చక్కటి జవాబు చెప్పాను. ఆ చక్కటి జవాబు కోసం ఒక మనిషిని గంటన్నర పైగా చీములో ఉంచాను.

ఎందుకమ్మ తప్పు ఇందులో ఆవగింజంత లేదు. ఆమె వద్దనలేదు. నవ్వింది కూడా ఆమె కాదు. పరువు నాది, భయం నాది, ఫోన్ నా జేబులోనే ఉంది.

సంతకం పెట్టిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. మూడు రోజులు చూసి, సామాన్ల గదిలో దుప్పట్లు లెక్కపెడుతుంటే ఎందుకమ్మ వచ్చినప్పుడు తలుపు దగ్గరకు వేసి చెప్పేశాను.

"అమ్మాయ్, ఆ రోజు రెండు ముప్పై అయిదుకు నేను నీకు అబద్ధం చెప్పాను. పుస్తకం తీసి దిద్దుకో" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. చెబుతుండగానే ఆమె మొహం పాలిపోయింది. దుప్పట్ల మూట మీద కూర్చుండిపోయింది.

"నేను అక్కడ లేకపోతే పిలిచేవారా?" అంది.

"పిలిచేదాన్ని."

"అయితే... అయితే ఆ గంటన్నర నా వల్లే కదండీ."

"నీ వల్ల కాదు. నువ్వు రాస్తావన్న భయం వల్ల. ఆ రెండింటికీ తేడా ఉందో లేదో నువ్వే చదువుకున్నదానివి, తేల్చు."

ఆమె నీలం అట్ట పుస్తకం తెరిచి ఆ పేజీ తీసింది. తర్వాత, "ఇది రాస్తే నా పరిశోధన మొత్తం మీద అనుమానం వస్తుంది. ఇంకా ఎన్నిసార్లు ఎంతమంది నా కోసం జవాబు మార్చుకున్నారో?" అంది. ఆ గొంతు విని నాకు నువ్వు గుర్తొచ్చావు. పరీక్ష తప్పిన రోజు ఇలాగే అన్నావు.

"రాయకపోతే ఎవరికీ తెలియదు. నేను కూడా మళ్ళీ ఎత్తను" అన్నాను. బెదిరించడానికి కాదు, నిజంగానే ఆమెకు దారి వదిలాను. తర్వాత ఇంకో మాట అడిగాను. "పదమూడింటిలో పది వట్టివని చూపించావు. మిగతా మూడూ ఏమయ్యాయమ్మా? ఆ రోజు ఎవరూ అడగలేదు."

ఆమె చెవి వెనక నుంచి పెన్ను తీసింది. రాసింది. ఆ రోజు వాక్యం పక్కనే నా మాటలు రాసింది. మర్నాడు పాత చార్టులన్నీ తిరగేసి ఆ ముగ్గురినీ పట్టుకుంది. ఒకరికి లోపల రక్తం కారుతోంది. ఒకరికి ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ పోయింది. ఒకరికి మందు పడలేదు. ముగ్గురూ నడుచుకుంటూ ఇంటికెళ్ళారట. ఆ కాగితం ఆమె సర్జన్ గారి చేతిలో పెట్టి, నేను చెప్పినది కూడా చెప్పింది, నా అనుమతితోనే. ఆయన నన్ను పిలిపించారు. కుర్చీ చూపించి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నేను నవ్వకుండా ఉండాల్సింది" అన్నారు. ఆ తర్వాత, అందరూ సంతకాలు పెట్టిన ఆ కాగితం మళ్ళీ తెరిచి, నా మాటలు చేర్చి, మా నర్సింగ్ సూపరింటెండెంట్‌కు పంపారు. నా మీద ఏం చర్య తీసుకుంటారో ఇంకా తెలియదు. గురువారం రమ్మన్నారు. మీ నాన్న "ఏం చేస్తారులే" అంటున్నారు గాని, నిన్న బస్సు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికారు.

నీ ప్రశ్నకు జవాబు ఇది, పిట్టా. ఎప్పుడు పిలవాలో నాకూ తెలియదు. ఇన్నేళ్ళూ తెలుసనుకున్నాను. తెలిసిందల్లా ఒక్కటే. మంచం ముందు నిలబడ్డప్పుడు పక్కనున్నవాళ్ళు ఏమనుకుంటారన్న ఆలోచన వచ్చిందంటే, అప్పుడు నువ్వు చూస్తున్నది రోగిని కాదు. నీ మనసు ఒప్పకపోతే పిలువు. కసురుతారు. కసిరితే గదికొచ్చి ఏడువు. కాని పిలిచాక ఏడువు.

తాళాలాయన భార్యకు చెప్పడం మాత్రం నా చేత అయ్యే పని కాదనిపించింది. సూపరింటెండెంట్ గారే చెబుతామన్నారు. నేనే చెబుతానని పట్టుబట్టాను, పట్టుబట్టి మళ్ళీ రెండు రోజులు తప్పించుకు తిరిగాను. చివరికి బుధవారం ఆ బెంచీ మీదే పక్కన కూర్చుని చెప్పాను. ఆమె సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ విన్నది.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?" అంది.

"తెలియాల్సింది మీకు కాబట్టి."

"నేను మీ మీద కోపం తెచ్చుకోవాలా, వద్దా? అది కూడా మీరే చెప్పండి." గొంతు పెంచలేదు. "వేళకు చూశారని మీకు దణ్ణం పెట్టాను నేను. గుర్తుందా?"

"ఉందమ్మా."

"ఆయన లేచి కూర్చున్నాక ఆయనకు మీరే చెప్పండి. నా చేత చెప్పించకండి" అని లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. నేను ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. అది ఆమె ఇష్టం. నాకు కష్టంగా ఉంది, కాని అన్యాయంగా లేదు.

ఆయన గొంతులోని గొట్టం తీసి ఇవాళ్టికి వారం దాటింది. కడుపుకు పక్కన మలం పోయే సంచీ తగిలించారు, కొన్ని నెలలకు తీసేస్తామంటున్నారు. మనిషి సగమయ్యాడు. శుక్రవారం మళ్ళీ మా వార్డుకే తెచ్చారు. నిన్న పొద్దున పదింటికి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాక, స్టూలు లాక్కుని చెప్పాను. భార్య అటువైపు నిలబడి ఉంది. టైము రెండుసార్లు అడగడం, వేళ్ళు చల్లబడడం, ఫోన్ మీంచి చెయ్యి తీసేయడం, అన్నీ చెప్పాను. ఆయన కళ్ళార్పకుండా విన్నాడు. గొట్టం రాసుకుపోయిన గొంతు, గరగరమంటోంది.

"ఆ రోజు నన్ను ఎలా ఉందని అడిగారు కదా సిస్టరమ్మా" అన్నాడు.

"అడిగాను."

"బాగానే ఉన్నానన్నాను. బాగా లేను. పొద్దున్నుంచే లోపల ఏదో తెగిపోతున్నట్టుంది. చెబుదామనే అనుకున్నాను." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మీ పక్కన ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నిలబడింది కదా. ఇంత మనిషి కడుపునొప్పికే ఏడుస్తున్నాడని రాస్తుందేమోనని..."

అటువైపు నిలబడ్డ ఆయన భార్య ఒక్కసారిగా మంచం చివర కూర్చుండిపోయింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో నాకు కనిపించింది కోపమో ఏడుపో చెప్పలేను. దుప్పటి జారితే మాత్రం, తను ఒక అంచు పట్టుకుని రెండో అంచు నా వైపు తోసింది. ఇద్దరం కలిసి ఆయన కాళ్ళ మీద కప్పాం. వేళ్ళు తాకి చూశాను, వెచ్చగా ఉన్నాయి.

గురువారం ఏమైందీ ఫోన్‌లోనే చెబుతాను, ఈసారి మాట దాటెయ్యను. వేళకు తిను. తడి తలతో డ్యూటీకి వెళ్ళకు.

ఇట్లు,
నీ మీద బెంగతోనూ, నమ్మకంతోనూ
మీ అమ్మ